నెక్ మెలితిరిగిన బేస్ గిటార్: తప్పు మా ఊరి గాలి మీదకి నెట్టకండి

కస్టమర్ కేర్ విభాగం వారికి (కాపీ: మీ గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి),

విషయం: వారంటీలో ఉన్న బేస్ గిటార్ మార్చి ఇవ్వడం, లేదంటే డబ్బు వాపసు

నమస్కారం.

మీ సైట్‌లో 42 వేలు పెట్టి కొన్న ఐదు స్ట్రింగుల యాక్టివ్ బేస్ గురించి రాస్తున్నాను. ఆర్డర్ నంబరు, బిల్లు, ఫొటోలు, వీడియోలు అన్నీ జతచేశాను. ఇంతకుముందు కూడా జతచేశాను కాబట్టి మళ్లీ "ఫొటోలు పంపగలరు" అని జవాబు పెట్టకండి.

సమస్య బేస్ డబ్బా విప్పిన వారంలోనే మీకు చెప్పాను. జి, డి స్ట్రింగుల మీద అయిదో ఫ్రెట్ (నెక్, అంటే పొడవాటి మెడ భాగం మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఎక్కడ నొక్కినా గరగరమంటోంది. దానికి మీ చాట్‌లో వచ్చిన మొదటి సలహా బ్యాటరీ మార్చమని. అయ్యా, ఆ 9 వోల్టుల బ్యాటరీ లోపలున్న ప్రీయాంప్‌కి, అంటే కేబుల్‌లోకి వెళ్లే సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్‌కి. నేను కేబుల్ పెట్టకుండా, ఆంప్ ఆన్ చేయకుండా, మంచం మీద కూర్చుని ఉత్త చేత్తో వాయించినా గరగర వస్తోందని రాశాక కూడా బ్యాటరీ అంటే ఏమనుకోవాలి? తర్వాత స్ట్రింగులు మార్చమన్నారు. మార్చాను, నా డబ్బుతోనే. బేస్ స్ట్రింగుల సెట్ అంటే మామూలు గిటార్ సెట్ ధర కాదని మీకు తెలుసు, అమ్మేది మీరే కదా.

అసలు సంగతి నెక్ మెలితిరిగి ఉంది. వంగడం కాదు, మెలితిరగడం. ఈ రెండింటికీ తేడా మీ సర్వీస్ సెంటర్‌కి తెలియకపోవడం వల్లే ఇంత దూరం వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. బేస్‌ని ఒళ్లో పెట్టుకుని ఒక స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చిట్టచివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకుంటే, మధ్యలో ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ నడుమ సన్నని సందు కనిపించాలి, ఒక విజిటింగ్ కార్డు పట్టేంత. నా బేస్‌లో అన్నిటికన్నా లావైన బి స్ట్రింగ్ వైపు రెండు కార్డులు కలిపి దూర్చినా ఇంకా వదులుగా ఉంది. అవతలి అంచున సన్నని జి స్ట్రింగ్ వైపు మామూలు కాగితం కూడా దూరదు, స్ట్రింగ్ ఫ్రెట్‌ని తాకుతూనే ఉంది. హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ పెగ్గులుండే పై కొస) వైపు నుంచి ఒక కన్ను మూసి బ్రిడ్జ్ (స్ట్రింగులు కింద ఆనే చోటు) వైపు చూస్తే నట్ (నెక్ పై కొసన స్ట్రింగులు ఆనే పట్టీ) గీత ఒక వాలులో, చివరి ఫ్రెట్ గీత ఇంకో వాలులో కనిపిస్తాయి. ఇది చూడ్డానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు, మా డ్రమ్మర్ కూడా చూసి చెప్పాడు.

ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేయడానికి లోపల పెట్టే ఇనుప కడ్డీ) తిప్పితే సరిపోతుందని మీ రిపోర్టులో ఉంది. నెక్ మొత్తం ముందుకో వెనక్కో వంగితే సరిపోతుంది, కాదనను. కానీ ఈ మోడల్‌లో ఉన్నది మధ్యలో ఒకే ఒక్క రాడ్. అది రెండు వైపులనీ ఒకేలా లాగుతుంది. బి వైపు సందు తగ్గిద్దామని బిగిస్తే జి వైపు ఇంకా గరగర, జి వైపు బాగుచేద్దామని వదులు చేస్తే బి స్ట్రింగ్ గాల్లో వేలాడుతుంది.

ఇప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు ఏం చేశారో చూడండి. బ్రిడ్జ్ మీద జి, డి స్ట్రింగులు ఆనే చిన్న ముక్కల్ని, అంటే శాడిల్స్‌ని, బాగా పైకెత్తి పంపేశారు. వంకర బల్ల కోడు కింద కాగితం మడిచి పెట్టినట్టు. గరగర తగ్గింది, నిజమే, కానీ పన్నెండో ఫ్రెట్ దగ్గర జి స్ట్రింగ్ ఇప్పుడు 4 మిల్లీమీటర్ల పైన ఉంది. మామూలుగా ఉండాల్సింది 2, మహా అయితే రెండున్నర. అంత ఎత్తు నుంచి నొక్కితే స్ట్రింగ్ సాగి శ్రుతి పైకి పోతుంది. ట్యూనర్ పెట్టి ఓపెన్ స్ట్రింగ్ (ఎక్కడా నొక్కకుండా మీటేది) సరిచేసుకుని పన్నెండో ఫ్రెట్ నొక్కితే ముల్లు కుడివైపుకి పరుగెడుతోంది. గిటారిస్టు ఒక స్వరంలో, నేను ఒక స్వరంలో వాయిస్తే దాన్ని బ్యాండ్ అనరు.

మీరు పంపిన "టెస్ట్ వీడియో" చూశాను. అందులో మీ సర్వీస్ సెంటర్ మనిషి ఓపెన్ స్ట్రింగులు, ఇ స్ట్రింగ్ మీద మొదటి రెండు మూడు ఫ్రెట్లు బొటనవేలితో మెల్లగా మీటి "సౌండ్ ఓకే" అన్నాడు. సమస్య ఉందని నేను రాసిన చోట వేలే పెట్టలేదు. నేను వాయించేది రాక్. పిక్‌తో గట్టిగా కొడతాను, కిక్ డ్రమ్‌తో పాటు నిలబడాల్సిన వాయిద్యం అది, జోలపాటకి కొనుక్కోలేదు. పైగా అది గిటార్లు చూసే బల్ల, గిటార్లు చూసే చెయ్యి అని వీడియోలోనే తెలుస్తోంది. గిటార్ స్కేల్, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా స్ట్రింగ్ పొడవు, 25 అంగుళాల చిల్లర, బేస్‌ది 34 అంగుళాలు, 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పటి నుంచీ ఎక్కువగా అదే కొలత. ఆ పొడవు నెక్ మీద ఐదు స్ట్రింగులు కలిపి 80 కిలోల పైచిలుకు లాగుతూ ఉంటాయి. చెక్క సరిగ్గా ఆరకపోయినా, నార వంకరగా ఉన్న ముక్క వాడినా ముందు బయటపడేది ఇలాంటి చోటే.

ఇక అసలు కోపం వచ్చిన మాటకి వస్తాను. "కస్టమర్ నివసించే తీరప్రాంతపు తేమ వల్ల నెక్‌లో మార్పు వచ్చింది, వారంటీ వర్తించదు" అని రాశారు. మాది విశాఖపట్నం, తేమ ఉంటుంది, ఎవరు కాదన్నారు? స్ట్రింగుల లాగుడుకీ, తేమకీ చెక్క కదులుతుందని తెలిసే కదా ట్రస్ రాడ్ పెట్టేది! నా పాత నాలుగు స్ట్రింగుల బేస్ ఇదే గదిలో, ఇదే గోడకి, ఇదే సముద్రపు గాలిలో ఏళ్లుగా ఉంది. వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఆలెన్ కీతో పావు మలుపు తిప్పుకుంటాను, అంతే, నెక్ గీత గీసినట్టుంది. మీది వచ్చీ రాగానే మెలితిరిగి ఉంటే అది మా ఊరి తేమ ఎలా అవుతుంది? వారంటీ కార్డు రెండు వైపులా చదివాను, తీరప్రాంతాలకు వర్తించదని ఎక్కడా లేదు. సైట్‌లో మాత్రం "దేశమంతటా డెలివరీ" అని పెద్ద అక్షరాలతో ఉంది. విశాఖలో అమ్మొచ్చు గానీ విశాఖలో వాయించకూడదా?

యాక్సెసరీస్ కోసం కూపన్ ఇస్తామన్నారు. వద్దు. స్ట్రాప్, కేబుల్ నా దగ్గర ఉన్నాయి, లేనిది తిన్నని నెక్.

నాకు కావాల్సింది ఇదీ. అదే మోడల్‌లో ఇంకో బేస్ పంపండి, పంపే ముందు నెక్ పొడవునా ఫొటో తీసి, రెండు చివరి స్ట్రింగుల దగ్గర సందు ఎంతుందో కొలిచి నాకు పంపండి. అది కుదరకపోతే 42 వేలూ, నేను సర్వీస్ సెంటర్‌కి పంపడానికి పెట్టుకున్న కొరియర్ ఖర్చూ వెనక్కి వెయ్యండి. మళ్లీ అదే సర్వీస్ సెంటర్‌కి పంపమంటే మాత్రం పంపను.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆటోమేటిక్ టికెట్ నంబరు తప్ప మీ గ్రీవెన్స్ ఆఫీసర్ నుంచి నాకు ఒక్క ముక్క రాలేదు. ఈసారి కూడా రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కేసు మా ఊళ్లోనే వేసుకోవచ్చు, మీ హెడ్ ఆఫీసు ఉన్న ఊరికి నేను రానక్కర్లేదు. బెదిరింపు అనుకోకండి, ముందే చెప్పడం మర్యాద అని చెబుతున్నాను.

ఇంకొక్కటి. సర్వీస్ నుంచి బేస్ తిరిగి వచ్చినప్పుడు దాన్ని మామూలు గిటార్ కార్టన్‌లో కుక్కారు. పొడవు చాలక పైన కోసి, హెడ్‌స్టాక్ బయటికి వస్తే దానికి ఇంకో అట్టముక్క చుట్టి బ్రౌన్ టేప్ వేశారు. ట్యూనింగ్ పెగ్ ఒకటి ఆ అట్టని చీల్చుకుని బయటికి వచ్చి ఉంది, ఫొటో జతచేశాను. మీరు మొదట పంపిన అసలు కార్టన్, థర్మకోల్‌తో సహా సర్వీస్ సెంటర్ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. కాబట్టి పికప్‌కి మనిషిని పంపేటప్పుడు బేస్ పట్టే కార్టన్ ఇచ్చి పంపండి. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడొచ్చినా ఇంట్లోనే ఉంటాను, వచ్చే ముందు ఫోన్ చెయ్యమనండి.

ఇట్లు,
మీ కస్టమర్,
విశాఖపట్నం