పల్లె కట్టుబడి, తోట పనివాళ్ల సంఘం: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి ప్రతి ఏడాదీ ఎలాగూ రాస్తాం, కానీ ఈసారి రాయడానికి కూర్చుంటే పేజీలు సరిపోలేదు, స్కూలు వెనక మనం కట్టిన రాతి గోడ గురించి అంత ఉంది చెప్పడానికి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు, నేరుగా విషయంలోకి వస్తా.

ముందు థాంక్స్ చెప్పేస్తా, చివర్లో పెడితే హడావుడిలో ఎవరో ఒకరి పేరు తప్పిపోతుంది. రాళ్లు తోలడానికి ట్రాక్టర్ ఇచ్చి డీజిల్ డబ్బులు కూడా వద్దన్న సభ్యుడికి, పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన పునాది రాయంతా తీసుకెళ్లమన్న కుటుంబానికి, మధ్యాహ్నం ఎండలో నీళ్ల బిందెలు మోసిన స్కూలు పిల్లలకి, రాడ్ పని మానుకుని గోడ పని జరిగిన రెండు రోజులూ తట్ట పట్టిన మన కంబీ పనివాళ్లకి, పేరుపేరునా కృతజ్ఞతలు. ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. రెండు రోజులూ అందరికంటే ముందొచ్చింది వాళ్లే, గోడ కడుపులో నింపే చిన్న రాళ్లన్నీ సైజు చూసి ఏరింది వాళ్లే, ఆ నింపుడు సరిగ్గా లేకపోతే పైన ఎంత అందంగా పేర్చినా గోడ నిలబడదని మనలో ప్రతి మేస్త్రీకీ తెలుసు. అయినా మన రిజిస్టర్లో ఇప్పటికీ వాళ్లందరినీ "హెల్పర్" అనే రాస్తున్నాం. అది మార్చాలని ఈ సమావేశంలోనే తీర్మానం పెడుతున్నా, అందరూ బలపరచాలి.

నెలవారీ మీటింగులు టైముకే జరిగాయి, మినిట్స్ బుక్కు బల్ల మీద ఉంది. క్లాసులు రెండు పెట్టాం. మొదటిది క్యూరింగ్ మీద, అంటే సిమెంట్ పని అయ్యాక నీళ్లు కొట్టి తడిగా ఉంచడం. తెలిసిన విషయమేగా అనుకున్నవాళ్లు కూడా వచ్చి విన్నారు, సంతోషం. సిమెంట్ ఎండితే గట్టిపడుతుందని ఇప్పటికీ చాలామంది ఓనర్లు, కొంతమంది మనవాళ్లు కూడా అనుకుంటున్నారు, అసలు అది ఎండి కాదు, నీళ్లతో కలిసే గట్టిపడుతుంది, మధ్యలో తడి ఆరిపోతే ఆ పని అక్కడే ఆగిపోతుంది. మామూలు సిమెంట్ అయితే కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంట్ అయితే కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. కాంక్రీట్ బలం ఎంతొచ్చిందో చూసేది 28వ రోజున. మనం మూడో రోజుకే పైపు చుట్టేసి ఇంకో సైట్ కి పోతున్నాం, తర్వాత స్లాబ్ కారితే సిమెంట్ కంపెనీని తిడుతున్నాం. ఇంకోటి, మాల్ (సిమెంట్, ఇసుక, నీళ్ల ముద్ద) కలిపేటప్పుడు తాపీకి సులువుగా జారుతుందని నీళ్లు ఎక్కువ పోయడం, ఇది ఆపాలి. ఆ ఎక్కువ నీళ్లు తర్వాత బయటికి పోయి లోపల సన్న బొరియలు వదిలిపోతాయి, బలం అక్కడే పోతుంది.

రెండో క్లాసు దుమ్ము మీద, దీనికి జనం చాలా తక్కువ వచ్చారు, నాకు బాధేసింది. రాయి, టైల్, గ్రానైట్ పొడిగా కోసినప్పుడు లేచే తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే సిలికోసిస్ కి మందు లేదు, రాకుండా చూసుకోవడమే. బ్లేడు మీద నీళ్లు పడేలా చిన్న పైపు కట్టుకుంటే దుమ్ము లేవదు, దానికి ఎంత ఖర్చు చెప్పండి. మొహానికి తువ్వాలు కట్టుకున్నాం చాల్లే అంటారు, ఆ సన్న దుమ్ము తువ్వాల్లోంచి తేలిగ్గా పోతుంది. తడి సిమెంట్ కూడా అంతే, సున్నం లాగే అది చర్మాన్ని తింటుంది, పాదాలకీ వేళ్ల సందుల్లోనూ పుళ్లు పడితే అవి పని మచ్చలు అని వదిలేయొద్దు, గ్లౌజులు, బూట్లు వేసుకోండి, పని కాగానే మంచి నీళ్లతో కడుక్కోండి. ఈ క్లాసు మళ్లీ పెడతాం, కుర్రాళ్లు తప్పకుండా రావాలి.

ఇక గోడ సంగతి. స్కూలు వెనక వాలు అందరికీ తెలుసు. ప్రతి వానకీ ఎర్రమట్టి జారి వరండాలోకి వచ్చేది, పిల్లలు పారలతో ఎత్తిపోసేవాళ్లు. అంతకుముందు అక్కడ ఒక సిమెంట్ గోడ ఉండేది, చూడ్డానికి నున్నగా, గట్టిగా ఉండేది, రెండో వానాకాలానికే ముందుకి పడిపోయింది. పడిన ముక్కల దగ్గర నిలబడి మన పెద్ద మేస్త్రీ ఒకటే మాట అన్నారు, "గోడని తోసేది మట్టి కాదయ్యా, నీళ్లు." చూస్తే నిజమే, ఆ గోడలో నీళ్లు కారడానికి ఒక్క బొక్క కూడా పెట్టలేదు, వెనక కంకర పోయలేదు, మట్టి నీళ్లు తాగి తాగి బరువెక్కి నెట్టేసింది. అందుకే ఈసారి సిమెంట్ లేకుండా పొడి రాయితో కడదామని ఆయనే అన్నారు. పొడి రాయి గోడకి బొక్కలు పెట్టే పనే లేదు, సందు సందునా నీళ్లు పోతాయి.

ఎత్తు నాలుగు అడుగులే పెట్టుకున్నాం, అంతకు మించితే ఇంజినీర్ చూడకుండా ముట్టుకోవద్దని ముందే అనుకున్నాం. గోడ వచ్చే చోట నేల మీద ముగ్గుతో గీతలు పోసి, అడుగు లోతు తవ్వి, గట్టి నేల తగిలాక అడుగున రెండున్నర అడుగుల వెడల్పుతో మొదలెట్టాం, పైకి పోయేకొద్దీ అడుగుకి రెండంగుళాల చొప్పున గోడ వెనక్కి, మట్టి వైపుకి వాలేలా దారం కట్టాం. పెద్ద రాళ్లన్నీ అడుగునే. ఏ రాయైనా పొడుగు లోపలికి పోవాలి, బయటికి కనపడేది దాని చిన్న మొహమే. కింది వరుసలో రెండు రాళ్లు కలిసే అతుకు మీద పై వరుస అతుకు రాకూడదు. ప్రతి మూడు నాలుగు అడుగులకి గోడ మందమంతా లోపలికి పోయే పొడుగు రాయి ఒకటి పడాలి. వెనకాల అడుగు మందం కంకర, కంకరకీ మట్టికీ మధ్య నీళ్లని పోనిచ్చి మట్టిని ఆపే ఫిల్టర్ గుడ్డ, లేకపోతే మట్టి వచ్చి కంకర పూడిపోతుంది. పైన గట్టు మీద రెండు వరుసలు వట్టివేరు నాటాం, దాని వేళ్లు అడ్డంగా పాకవు, నేరుగా కిందికి మనిషి ఎత్తు దాటి పోతాయి, మట్టిని పట్టుకోవడంలో దానికి సాటి లేదు.

పెద్ద మేస్త్రీ రాయి ఎంచే తీరు చూసినవాళ్లు మర్చిపోలేరు. ఆయన కుప్ప దగ్గర నిలబడి ముందు గోడలో ఖాళీని చూస్తారు, తర్వాత కుప్పని చూస్తారు, వంగి ఒక్క రాయే తీస్తారు. చేతిలో రెండు సార్లు తిప్పి చిన్న సుత్తితో ఒక దెబ్బ కొడతారు. ఖంగుమంటే పెడతారు, మొద్దుగా మోగితే లోపల పగులు ఉందని పక్కన పడేస్తారు. పెట్టాక అరచేయి పెట్టి ఊపుతారు, ఏ కాస్త కదిలినా కింద చిన్న పెచ్చు దూర్చి మళ్లీ ఊపుతారు. మేం ఒక్కో రాయికి నాలుగు రాళ్లు ఎత్తి దించి నడుములు పోగొట్టుకుంటుంటే ఆయన ఎత్తిన రాయి మళ్లీ కింద పెట్టగా నేను చూళ్లేదు.

తప్పు జరిగిన మాట కూడా రాయాలి. మొదటి రోజు సాయంత్రానికి మా బ్యాచ్ కట్టిన మూల వైపు గోడకి పొట్ట వచ్చింది. చీకటి పడేలోగా వరుస అయిపోవాలని పొడుగు రాళ్లు వెతక్కుండా చిన్నవే రెండు వైపులా పేర్చేశాం, మధ్యలో నింపుడు కూడా తట్టతో గుమ్మరించేశాం. పెద్దాయన ఏమీ అనలేదు, దారం పట్టి చూపించి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆ పది అడుగులూ విప్పేసి మళ్లీ కట్టాం. విప్పడానికి అరగంట పట్టింది, కట్టడానికి పూట పట్టింది.

అందం పని రెండో రోజు మధ్యాహ్నం మొదలైంది, అది అనుకున్నదానికంటే బాగా వచ్చింది. గోడ చివర సన్నగా వంపు తిప్పి, చదును రాళ్లతో పిల్లలు కూర్చునే అరుగు కట్టాం, మధ్య మధ్య రాళ్ల సందుల్లో మట్టి కూరి మొక్కలు పెట్టాం. సైట్లలో మిగిలిన టైల్ ముక్కలన్నీ సంచుల్లో తెచ్చి మెట్ల నిలువు మొహాలకి అతికించాం, అడుగు పడే చోట మాత్రం వేయలేదు, తడిస్తే జారుతుంది, అంచులన్నీ రాయి మీద రుద్ది నునుపు చేశాకే పిల్లల చేతికిచ్చాం. వాళ్లు చేపలు, నెమళ్లు, ఒక బస్సు కూడా పెట్టారు. ఆ పూట నేక్ చంద్ గురించి చెప్పాం. చండీగఢ్ లో రోడ్ ఇన్‌స్పెక్టర్ గా పనిచేస్తూ 1957 నుంచి ఎవరికీ తెలియకుండా పగిలిన టైళ్లు, గాజులు, పింగాణీ ముక్కలు సైకిల్ మీద మోసుకొచ్చి అడవిలో తోట కట్టుకున్నాడు ఆయన, దాదాపు 18 ఏళ్లకి గానీ అది బయటపడలేదు, 1976లో జనానికి తెరిచారు, అదే రాక్ గార్డెన్. పారేసిన ముక్కతో పని చేయడం చిన్నతనం కాదని మన కుర్రాళ్లకి అర్థమవ్వాలని చెప్పించాం. పొడి రాతి గోడ కట్టే విద్యని 2018లో యునెస్కో మానవజాతి వారసత్వంలో చేర్చిందని, క్రొయేషియా, ఇటలీ, స్పెయిన్ లాంటి ఎనిమిది దేశాలు కలిసి అడిగాయని కూడా చెప్పాం. పెద్ద మేస్త్రీ అంతా విని, "వాళ్లు కూడా అతుకు తప్పించే పెడతారా?" అని అడిగారు. అవునంటే తలూపి మళ్లీ పనిలోకి పోయారు.

ఆ రాత్రి ఆయన చేత తన పని గురించి మాట్లాడించాం, నలభై ఏళ్ల పని. మాల్ మోయడంతో మొదలెట్టి, కలపడం, తర్వాత తాపీ, తర్వాత గోడ నిలువు చూసే గుండు దారం చేతికి రావడానికి ఎన్నేళ్లు పట్టిందో చెప్పారు. పల్లెలో మేస్త్రీ అంటే ప్లాన్ గీసేదీ ఆయనే, లెక్క వేసేదీ ఆయనే, అన్నదమ్ముల మధ్య గోడ ఎక్కడ రావాలో నచ్చజెప్పేదీ ఆయనే. ఆయన చెప్పిన ఒక పద్ధతి మనందరం పాటించాలి. ముగ్గు పోసిన రోజే ఆ ఇంటి ఇల్లాలిని గీతల మధ్య నడిపించమంటారు, పొయ్యి ఎక్కడ, మంచం ఎటు, తలుపు ఎటు తెరుచుకుంటుంది అని. కాగితం మీద అందరూ సరే అంటారు, ముగ్గులో నిలబడితేనే గది ఇరుకని తెలుస్తుంది, అప్పుడు మార్చడం చీపురుతో అయిపోతుంది, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దిమ్మ) దాకా లేచాక మార్చాలంటే గోడ పగలాలి.

ఆయన బాధ కూడా చెప్పారు, అది మనందరి బాధ. వానల్లో కట్టుబడి ఆగితే తోట పనులు, గట్లు, కాలిబాటలు, చిన్న కుంటలు వస్తాయి, వాటిలోనే అసలు ఆలోచన ఎక్కువ పడుతుంది. వాననీరు ఎటు పోతుందో చూడాలి, ఇంటి చుట్టూ నేల పది అడుగులకి ఆరంగుళాలైనా బయటికి వాలాలి, నీళ్లు ఇంకే గుంట పునాదికి కనీసం పది అడుగుల దూరంలో పెట్టాలి. ఇవన్నీ చూసి చేస్తే ఓనరు "రాళ్లు పేర్చడమేగా" అని కూలి తగ్గిస్తాడు. ఆలోచనకి కూలి లేదు. అందుకే కమిటీ ఒక పేజీ ఒప్పంద పత్రం తయారు చేసింది, అడ్వాన్స్ ఎంత, పునాదికి ఎంత, లింటెల్ కి ఎంత, మధ్యలో మార్పులు చేస్తే ఎంత, తోట డిజైన్ కి విడిగా ఎంత, అన్నీ ముందే రాసుకోవాలి. మొహమాటపడి సంతకం అడగనివాళ్లే చివరి బిల్లు కోసం తిరుగుతున్నారు, ఈ ఏడాది మన దగ్గరికి వచ్చిన తగాదాలన్నీ అవే.

ఇప్పుడు మనసులో మాట. గోడ పనికి వస్తామని పేర్లు రాయించుకున్నవాళ్లలో సగం మంది కూడా రాలేదు. ఫోన్ చేస్తే కొందరు ఎత్తలేదు. పని ఉండొచ్చు, ఒక్క రోజు కూలి పోతే ఇంట్లో ఎంత ఇబ్బందో నాకూ తెలుసు, కానీ రాలేమని ముందే చెప్తే మనుషుల్ని సర్దుకునేవాళ్లం, రాళ్లెత్తే చోట ఇద్దరు తక్కువైతే మిగిలినవాళ్ల నడుములు పోతాయి. ఆఫీసు వాళ్ల సంగతి చెప్పాలంటే, పర్మిషన్ కోసం, కంకర కోసం అర్జీ పెట్టి ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు, సార్ లేరు, ఫైల్ పైకెళ్లింది, వచ్చే వారం రండి, ఇవే మాటలు. పర్మిషన్ చివరికి వచ్చింది, కంకర రాలేదు, సభ్యులే తలా కొంచెం తెచ్చారు. గోడ అయ్యాక ఫోటోకి మాత్రం వచ్చారు. వచ్చినందుకు మర్యాద చేశాం, అయినా ఈ విషయం నివేదికలో ఉండాలి కాబట్టి రాస్తున్నా.

లెక్కలు ట్రెజరర్ గారు చదువుతారు, ఆడిట్ అయింది, రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి, చందా బాకీ ఉన్నవాళ్లు ఈరోజే కట్టేయండి. సంఘం వాటర్ లెవెల్ ట్యూబు, రెండు సమ్మెటలు తీసుకెళ్లినవాళ్లు కూడా తిరిగి ఇవ్వాలి.

మొదటి పెద్ద వాన పడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తెల్లవారగానే గొడుగు వేసుకుని వెళ్లా. అప్పటికే పెద్ద మేస్త్రీ అక్కడున్నారు, గోనె కప్పుకుని. రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి, కాసేపు ఎర్రగా వచ్చి తర్వాత తేటగా అయ్యాయి. వరండాలో మట్టి లేదు. మేం విప్పి కట్టిన మూల దగ్గరికి పోయి ఆయన దారం పట్టి చూశారు, దారం గోడకి ఆనుకునే ఉంది.

వచ్చే వానల ముందు గోడ వెనక కాలువ పూడిక తీయాలి, గట్టు మీద వట్టివేరు పోయిన చోట మళ్లీ నాటాలి, రెండు పూటల పని. పేర్లు రాసే కాగితం తలుపు దగ్గర పెట్టాం. రాగలిగినవాళ్లే రాయండి.