రబ్బరు బూట్లు పంపుతున్నాను

మైలాపూరు, చెన్నై.

చి. ల. సౌ. పద్మను నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. నీ దగ్గరి నుంచి పదకొండు రోజులుగా ఫోను లేదు. పనుల్లో ఉన్నావనుకున్నాము గానీ, నీకు సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందని, అయినా బెంగళూరులో కొత్తగా కొన్న స్థలంలో వట్టికాళ్లతో మొక్కలు నాటుతున్నావని నిన్న సుబ్బులత్తయ్య మాటల మధ్యలో జారవిడిచింది. నేను కంగారుపడటం లేదు. మీ అమ్మ పడుతోంది.

రామం బాబాయి జబ్బు సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నీకు ఏడో నెల. 2015 డిసెంబరు వరదల్లో ముడిచ్చూరు ఇంట్లో నీళ్లు నిలిస్తే, మడమల పగుళ్లతోనే మూడు రోజులు బురద ఎత్తిపోశాడు. చక్కెర వ్యాధి ఉన్నవాడికి అంత పంతమేమిటో! రెండు వారాలకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఎక్స్‌రే చూసి క్షయ అన్నారు. రెండు నెలలు ఆ మందులే మింగి, వేలి ఉంగరానికి దారం చుట్టుకోవలసినంతగా చిక్కిపోయాడు. చివరకు ఇంకొక డాక్టరు రక్తాన్ని కల్చరుకు, అంటే అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్షకు, పంపితే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే మట్టి బాక్టీరియా బయటపడింది; ప్లీహంలో చీముగడ్డలు కూడా కనిపించాయి. అంతకుముందు ల్యాబులోనూ అదే పెరిగితే, బయటి నుంచి చేరిన మలినమని పక్కన పెట్టేశారట. రెండు వారాలు నరంలోకి సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఎక్కించి, ఆపైన మూడు నెలలు మాత్రలు వాడించారు. మధ్యలో మానితే తిరగబెడుతుందని పిన్ని లెక్కపెట్టి మింగించేది.

ఆ జబ్బు పేరు మెలియోయిడోసిస్. విట్మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు వంద ఏళ్ల కిందటే రంగూనులో గుర్తించి 1912లో ప్రకటించారు. తడి మట్టిలో, నిలవ నీటిలో ఉండే ఆ క్రిమి చర్మం మీది చిన్న గాటులోంచి కూడా లోపలికి పోతుంది. ఆరోగ్యవంతుల జోలికి అంతగా రాదు గానీ చక్కెర ఉన్నవాళ్లను వదలదు. నీకు కాన్పుతో మొదలైన చక్కెర ఇంకా పూర్తిగా పోలేదు కదా? బెంగళూరు మట్టికి ఇవన్నీ ఎక్కడివని అల్లుడుగారు నవ్వవచ్చు. ఉడుపి, మణిపాల్ వైపు ఇటువంటి కేసులు చాలా బయటపడ్డాయి. మొన్నటి వానల్లో మీరు అక్కడి పొలం గట్ల మీద తిరిగి వచ్చిన ఫోటోలు నేను చూశాను.

ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. జ్వరం ఇంకా ఉంటే మాత్రం డాక్టరుకు చక్కెర సంగతి, మట్టి పని సంగతి రెండూ చెప్పి, రక్తం కల్చరు అవసరమా అని అడుగు. బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే సూరితో రబ్బరు బూట్లు, చేతి తొడుగులు పంపుతున్నాను. ఆరో నంబరు తీసుకున్నాను. బిగువైతే చెప్పు, మార్చి పంపుతాను. తీరిక లేకపోతే ఫోను చేయవద్దు. థర్మామీటరులో ఎంత చూపించిందో అమ్మకు ఒక్క మెసేజి పెట్టు, చాలు.

ఇట్లు,
నాన్న