వాన నీటిని ఇంటి ముందే ఇంకనివ్వాలి

సంపాదకులు గారికి,

ఈశాన్య రుతుపవనాలు వస్తున్నాయంటే తిరుపతిలో పల్లపు కాలనీల వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. 2021 నవంబరు వరదను ఎవరు మరిచిపోతారు? శేషాచలం కొండల మీద కురిసిన వాన కపిలతీర్థం వైపు నుంచి ఊళ్లోకి దూకుతుంది. ఒకప్పుడు ఆ వేగాన్ని ఆపిన కుంటలు, వంకలు చాలాచోట్ల పూడిపోయి ఇళ్లయ్యాయి.

కొండ నీళ్లను మనం ఆపలేం. వాటికి మన మిద్దెల నీళ్లు కూడా ఎందుకు కలపాలి? 100 చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. గేటు నుంచి రోడ్డు దాకా సిమెంటు వేసేస్తున్నాం కాబట్టి అదంతా నిమిషాల్లో కాలువలో పడుతోంది. పునాదికి దూరంగా జానెడు లోతు పల్లం తీసి, మట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలిపి, తడికీ ఎండకీ తట్టుకునే వట్టివేరు లాంటివి నాటితే కొంతైనా అక్కడే ఇంకుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతే దోమల భయమూ లేదు.

రోడ్డు డివైడర్లు చూస్తే బాధేస్తుంది. మట్టిని రోడ్డుకన్నా ఎత్తుగా పోసి, లాన్ పరిచి, ఎండాకాలం ట్యాంకర్లతో తడుపుతారు. మట్టిని రోడ్డుకన్నా కిందికి దించి, అంచు రాళ్ల మధ్య సందులు వదిలితే వాన నీరే మొక్కలకు చేరుతుంది. లాన్ బదులు వేప, కానుగ నాటితే నీడా దక్కుతుంది.

కొత్త లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడే ఇంకుడు పల్లాలను షరతుగా పెట్టాలనీ, ఈ వానలకు ముందే వంకల్లో పూడిక తీయించాలనీ అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి