రాయిలో దాగిన నీటి జాడ: ఈ ఏడాది మన సంఘం పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక మాట అనుకున్నాం. అంతకుముందు ఏడాది నెలకొక విషయం పట్టుకుని ఏదీ లోతుగా చూడలేకపోయాం కాబట్టి, ఈసారి ఏడాదంతా ఒకే విషయం మీద కూర్చుందామని. ముడిఖనిజాలు పుట్టడానికి కారణమైన వేడినీళ్లు, ఉప్పునీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. అవి ఎలాంటి నీళ్లో ఆ రాళ్లలోని ఖనిజాలే చెబుతాయి. కడప చుట్టుపక్కల ఉంటూ ఈ సంగతి మనకు తెలియకపోతే ఎలా అని పెద్దలు కొందరు పట్టుబట్టారు. వారి మాట విన్నందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

మొదటి సమావేశం ఒక కాలేజీ ల్యాబ్‌లో పెట్టుకున్నాం. మన సభ్యుల్లోనే ఉన్న కెమిస్ట్రీ లెక్చరర్ గారు ఒక టెస్ట్ ట్యూబులో ఎప్సమ్ సాల్ట్ కలిపిన నీళ్లు తీసుకుని, అందులో రెండు చుక్కల బేరియం క్లోరైడ్ వేశారు. అద్దంలా ఉన్న నీళ్లు ఒక్క క్షణంలో పాలలా తెల్లబడ్డాయి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాళ్లందరికీ ఆ తెల్లటి అవక్షేపం గుర్తే. ఆ రోజుల్లో మార్కుల టెన్షన్‌లో "సల్ఫేట్ ఉంది" అని రాసేసి వచ్చేశాం. ఆ తెల్లపొడే మన ముగ్గురాయి అని మాకెవరూ చెప్పలేదు.

ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. మామూలు నీళ్లలో లీటరుకు 2, 3 మిల్లీగ్రాములకు మించి కరగదు. బేరియం విషమే అయినా కడుపు ఎక్స్‌రే తీసేముందు రోగి చేత బేరియం మీల్ తాగించేది అందుకే, అది కరగదు కాబట్టి ఒంట్లోకి ఇంకదు. ఇక్కడే అసలు సంగతి ఉంది. బేరియం, సల్ఫేట్ రెండూ ఒకే నీళ్లలో ఎక్కువ మోతాదులో కలిసి ప్రయాణం చేయలేవు. ఎక్కడైనా పెద్ద ముగ్గురాయి నిక్షేపం కనిపించిందంటే, బేరియం మోసుకొచ్చిన నీళ్లు ఒకటి, సల్ఫేట్ ఉన్న నీళ్లు ఇంకొకటి అక్కడ కలిశాయన్నమాట. ఒక్క ఖనిజం పేరు తెలిస్తే రెండు నీళ్ల కథ బయటికొచ్చింది.

ఆ తర్వాత మంగంపేట ప్రయాణం. అనుమతి ముందే తీసుకుని, రాజంపేట మీదుగా ఓబులవారిపల్లె మండలం చేరుకున్నాం. ఒకేచోట ఉన్న ముగ్గురాయి నిక్షేపాల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరున్నది ఇదే. భారత భూవిజ్ఞాన సర్వే లెక్క ప్రకారం ఇక్కడి నిల్వ సుమారు 7 కోట్ల 40 లక్షల టన్నులు. రాతి వయసు వంద కోట్ల ఏళ్లకు పైబడినదే. ఇక్కడి రాయిని పొడిచేసి చమురు బావులు తవ్వేచోట వాడే బురదలో కలుపుతారు. దాని బరువే దాని విలువ. పిడికెడు ముక్క చేతిలో పెడితే మన మహిళా సభ్యులొకరు "ఇందులో ఇనుముందా?" అని అడిగారు. అదే సైజు పలుగురాయి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు తూగుతుంది మరి.

కింది పొర బూడిదరంగులో, పంచదార పలుకుల్లా రేణువులు రేణువులుగా ఉంటుంది. పై పొరలో శనగగింజంత నుంచి ఉసిరికాయంత గుండ్రటి గింజలు. అక్కడివారు విరిగిన గింజ ఒకటి మాకు చూపించారు. లోపల నడుమ నుంచి అంచుదాకా, బండిచక్రం ఆకుల్లాగా స్ఫటికాలు పరుచుకుని ఉన్నాయి. లెన్సు ఒకరి చేతిలోంచి ఒకరికి మారుతూనే ఉంది, ఎండలో అరగంట అక్కడే నిలబడిపోయాం. చుట్టూ ఉన్నది నల్లటి రాయి. దాని నలుపుకు కారణం అందులోని కర్బనం. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఖనిజపు మెరుపులు కూడా కనిపించాయి. కర్బనం కుళ్లకుండా మిగిలిందంటే ఆ సముద్రపు అడుగున ప్రాణవాయువు సరిగా అందలేదని అర్థం.

ఈ గింజలు ఎలా పుట్టాయన్న దాని మీద రెండు వాదాలున్నాయి. సభ్యులకు రెండూ తెలియాలని నా పట్టుదల. పాతకాలపు భూవిజ్ఞానులు ఇవి అగ్నిపర్వతం నుంచి ఎగజిమ్మిన గింజలని, కింది పొర బూడిదలా రాలినదని రాశారు. తర్వాత వచ్చిన కొందరు, సముద్రపు అడుగునున్న బురదలోంచి బేరియం నీళ్లు చల్లగా ఊరి పైకి వచ్చి, సల్ఫేట్ తగిలిన చోట గడ్డకట్టాయని అన్నారు. ఇందులో సల్ఫేట్‌లోని గంధకం ఇచ్చే సాక్ష్యం ముఖ్యమైనది. గంధకంలో తేలిక పరమాణువులు, బరువు పరమాణువులు రెండు రకాలూ ఉంటాయి. సముద్రపు బురదలో సల్ఫేట్ తిని బతికే సూక్ష్మజీవులు తేలికవాటినే ముందు వాడుకుంటాయి. మిగిలిన నీళ్లలో బరువైనవి పోగుపడతాయి, ముగ్గురాయి ఏర్పడేటప్పుడు ఆ నిష్పత్తిని అలాగే తనలో దాచుకుంటుంది. మంగంపేట ముగ్గురాయిలో గంధకం బాగా బరువైన వైపే ఉన్నట్టు ప్రయోగశాల కొలతలు చెప్పాయి. నాకైతే రెండో వాదమే బలంగా కనిపిస్తోంది. కాదనే సభ్యులున్నారు, వారితో మళ్లీ కూర్చుంటాం.

మైక్రోస్కోప్ పని అనుకున్నంత సాఫీగా సాగలేదు. స్ఫటికం పెరిగేటప్పుడు దానిలో చిక్కుకుపోయిన నీటిబొట్లను ఫ్లూయిడ్ ఇంక్లూజన్లు అంటారు. చాలావరకు మిల్లీమీటరులో నూరోవంతు కన్నా చిన్నవి. వాటిని చూడాలంటే రాతిని పలచటి బిళ్లగా కోసి రెండు వైపులా నున్నగా పాలిష్ పట్టాలి. మేము డబ్బు కట్టి చేయించిన మొదటి విడత బిళ్లలు ఒకవైపే పాలిష్ అయి, మందంగా వచ్చాయి. ఏమీ కనిపించలేదు. తిరిగి చేయించడానికి మూడు నెలలు పట్టింది. ఆర్డరు రాసేటప్పుడు రెండు వైపులా అని నేనే గట్టిగా రాసి ఉండాల్సింది, ఆ ఖర్చుకు కార్యదర్శిగా నాదే బాధ్యత.

ముగ్గురాయినే కోయిద్దామని కొందరు అడిగారు. అది మెత్తని రాయి, తేలిగ్గా పొరలుగా చీలుతుంది, లోపలి బొట్టు కారిపోవచ్చు, బొట్టున్న చిన్న గది సాగిపోవచ్చు. అందుకే గట్టిదైన పలుగురాయిని ఎంచుకున్నాం. కోలారు బంగారు గనుల్లోని చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసి, ఇప్పుడు మన ఊళ్లోనే ఉంటున్న పెద్దాయన తన ఇంట్లో దాచుకున్న పొగరంగు చారల పలుగురాయి ముక్క ఇచ్చారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గని అది. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేదని, చెయ్యి ఆనించలేకపోయేవాళ్లమని చెప్పారు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి.

ఆ రాతి బిళ్లలో చూసిన బొట్టును మరిచిపోలేను. మూలలు తేలిన చిన్న గది, దానిలో నీరు, నీటిలో ఒక బుడగ. బుడగ నిలకడగా లేదు, వణుకుతూ ఉంది. పదో తరగతి చదివే మన సభ్యుడి కూతురు కన్ను తీయకుండా చూసి, "తాతా, ఇది ఇప్పటి నీళ్లు కాదుగా?" అని అడిగింది. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒక పూట ఆ బిళ్లను వేడిచేసి, చల్లార్చి చూపించారు. వేడిచేసేకొద్దీ బుడగ చిన్నదై మాయమవుతుంది. ఆ ఉష్ణోగ్రత కన్నా తక్కువలో ఆ నీరు చిక్కుకుని ఉండదు. ఈ కొలత వెనకున్న ఊహ 1858లో సోర్బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తది. గడ్డకట్టించి మంచు ఎప్పుడు కరుగుతుందో చూస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. మంచినీళ్ల మంచు సున్నా దగ్గర, ఇప్పటి సముద్రపు నీళ్లది సున్నాకు దాదాపు 2 డిగ్రీల దిగువన, మామూలు ఉప్పు నిండా కలిసిన నీళ్లది 21 డిగ్రీల దిగువన కరుగుతుంది. బొగ్గుపులుసు వాయువు ఉంటే అది మైనస్ 56.6 దగ్గర కరిగి తన ఉనికి చెబుతుంది. కోలారు బంగారాన్ని తెచ్చిన నీళ్లు ఉప్పు తక్కువగా ఉండి, ఈ వాయువు దండిగా కలిసినవి. గోలీసోడా గోలీ నొక్కగానే గ్యాసు బుస్సున వచ్చినట్టు, లోతులో రాయి పగిలి ఒత్తిడి తగ్గినప్పుడు వాయువు విడిపోతుంది. బంగారాన్ని కరిగించి పట్టుకున్న గంధకం కూడా దానితో వెళ్లిపోతే, బంగారం పలుగురాయిలో దిగబడుతుంది.

వినుకొండ దగ్గరి అగ్నిగుండాల మీద ఒక ఉపన్యాసం మాత్రమే జరిగింది. అక్కడి బండలమోటులో సీసం ఇచ్చే గెలీనాను తవ్వేవారు. సీసం ఉప్పునీళ్లలో దూరం ప్రయాణించి గంధకం తగిలినచోట ఆగుతుందన్న వివరణ బాగుంది, వచ్చే ఏడాది అక్కడికి వెళ్లి చూడాలి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా ఇస్తారు. పాఠశాలలకు ఇచ్చిన రాళ్ల పెట్టెలు అన్నీ చేరాయి.

ఒక విషయంలో మీ అందరి సాయం కావాలి. మన సంఘం గదిలో మూలనున్న పాత చెక్కపెట్టెలో మంచి రాళ్లు చాలా ఉన్నాయి. గెలీనా ఉంది, పచ్చటి రాగిమరకల పలుగురాయి ఉంది. ఎక్కడ దొరికాయో చిట్టీ లేదు. ఏ కొండ, ఏ పొర, పక్కన ఏ రాయి అన్నది తెలియకపోతే లోపలి నీటిబొట్టును కొలిచినా అది ఏ నీటి కథో చెప్పలేం. వాటిని ఇచ్చినవారు వచ్చే ఆదివారం గదికి వచ్చి, గుర్తున్నంతవరకు ఊరి పేరైనా రాసిపెట్టండి. ఇకమీదట రాయి ఏరేముందే ఫొటో తీసి, చోటు రాసుకుని, తర్వాతే సంచిలో వేయండి. సంచులూ మార్కర్లూ గదిలో ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి