పిక్కలు కూడా చూడండి

సంపాదకులకు,

చదును పాదాల గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. బూట్లలో పెట్టుకునే ఇన్‌సోల్స్ గురించి అంత రాసి, పిక్కల సంగతి ఒక్క ముక్కా రాయలేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పొద్దున్నే కానిస్టేబుల్ సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్లను పరుగెత్తిస్తుంటాను. 1600 మీటర్లలో మూడో రౌండు దాటగానే ఒకడు అరికాలు పట్టుకుని కూలబడ్డాడు. తడికాళ్లతో గచ్చు మీద నిలబెడితే, మధ్యలో సందే లేకుండా ఇటుకలా అచ్చు పడింది. గొంతుక్కూర్చోమంటే మడమలు నేలకానించి హాయిగా కూర్చున్నాడు. పిక్కలు బాగానే ఉన్నాయి, తేడా పాదాల్లోనే అని తేల్చేశాను. తప్పు నాదే.

మా కోడలు ఫిజియోథెరపిస్టు. వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి పాదాన్ని పైకి నెడితే తేలిగ్గా వచ్చింది. మోకాలు చాపి నెడితే కదల్లేదు. "మామయ్యగారూ, మోకాలు మడిస్తే పైపిక్క వదులైపోతుంది, అందుకే మీకు తెలియలేదు" అంది. ఆ కండరం మోకాలి పైనుంచి మొదలై మడమ ఎముక దాకా వస్తుంది. అది బిగుసుకుంటే అడుగు వేసేటప్పుడు చీలమండ వంగాల్సినంత వంగదు. ఆ భారమంతా పాదం మధ్యలో పడి, చీలమండ లోపలికి వాలి, అరికాలి వంపు నేలకు దిగిపోతుంది. పుట్టుకతో చదును పాదాలున్నవాళ్లకూ మడమ పక్కకు తిరిగే కొద్దీ పిక్కను మడమకు కలిపే వెనక స్నాయువు కురచబడుతుందట. ఏది ముందో, ఏది వెనకో!

వైద్యం గోడ దగ్గరే. చేతులు గోడకానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ మోకాలు వంచకుండా, మడమ లేవకుండా అరనిమిషం నిలబడటం. కాలి వేళ్లు మాత్రం బయటికి తిప్పకూడదు. తిప్పితే పిక్క సాగదు, అరికాలి వంపే కూలుతుంది. నా సర్వీసంతా పిల్లలతో ఆ తప్పే చేయించాను.

రెండు నెలలకు నొప్పి తగ్గి నాలుగు రౌండ్లూ పూర్తిచేస్తున్నాడు. గచ్చు మీద అచ్చు మాత్రం ఇప్పటికీ ఇటుకే. అయితే మునివేళ్ల మీద లేస్తే వంపు చక్కగా కనిపిస్తోంది. అలా వంపు కనిపించి, నొప్పి లేకుండా బాగా పరుగెత్తగలిగితే సైన్యంలో తీసుకుంటారు. పోలీసు నోటిఫికేషన్లో మాత్రం అనర్హతల జాబితాలో ఉత్తినే ‘ఫ్లాట్ ఫుట్’ అని ఉంటుంది. అక్కడా ఈ ముక్క స్పష్టంగా రాస్తే మావాడికి మెడికల్ టెస్టు టెన్షన్ తప్పుతుంది.

– రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒంగోలు