పోటీ జట్టా, సరదా బ్యాచా? శుక్రవారం లోపు చెప్పండి

బరంపురం ఫుట్‌బాల్ పిల్లల అమ్మానాన్నలకి నమస్కారమండీ.

పోటీ జట్టు ఎంపిక ఈ ఆదివారం పొద్దున 6కి, మన గ్రౌండ్‌లోనే. సరదా బ్యాచ్ ఎప్పటిలాగే.

పోటీ జట్టంటే వారానికి నాలుగు రోజులు, పైగా ఇచ్ఛాపురం, రాయగడ ప్రయాణాలు. అందరికీ సమానంగా ఆట దొరకదు, బెంచీ మీద కూర్చోవాల్సి రావచ్చు. ట్యూషన్‌తో కుదరదనుకుంటే ఇప్పుడే చెప్పండి. పిల్లల్నే అడగండి, మీ ముచ్చట కోసం వద్దు.

షిన్ గార్డులు (మోకాలి కింద ముందు ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునేవి) తప్పనిసరి, మేజోళ్ల లోపలే ఉండాలి. నేల గట్టిది కాబట్టి బూట్ల అడుగున ఉండే పొడుగు స్టడ్స్ (బుడిపెలు) దిగవు, దెబ్బంతా మడమకే. పొట్టి రబ్బరువి తెండి. 12 లోపు వాళ్లకి 4 నంబరు బంతి. ఎదిగే పిల్లలకి మడమ నొప్పి వస్తుంటుంది, కుంటుతుంటే మాత్రం పంపొద్దు.

శుక్రవారం రాత్రిలోపు పిల్లల పేరు, వయసు, ‘పోటీ’ లేదా ‘సరదా’ అని పెట్టండి. బొటనవేలు బొమ్మ పెడితే లెక్కలోకి రాదు!