ఎనిమిది దేశాలకు ప్యాసింజరు బండ్లే మేలు

సంపాదకులకు నమస్కారం.

యూరప్‌లో ఒక్క పాస్ కొనుక్కుని ఒక్క రోజులో ఎనిమిది దేశాలు రైల్లో దాటవచ్చని మీ ఆదివారం పర్యాటక పుటలో వేశారు. దాటవచ్చు, అబద్ధం కాదు. కానీ పక్కన వేసిన ఫొటో గంటకు 300 కిలోమీటర్లు పరిగెత్తే బండిది. అది చూసి ఒంటరిగా బయలుదేరేవాళ్ళు వేగంగా పోయే బండ్లే ఎంచుకుంటే నాలుగో దేశంలోనే చతికిలబడతారు. ఈ పనికి ప్యాసింజరు బండ్లే మేలు.

పాస్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. యూరోస్టార్, ఫ్రాన్స్ టీజీవీ అనే వేగపు బండ్లలో పాస్ ఉన్నవాళ్ళూ విడిగా డబ్బు కట్టి రిజర్వేషన్ చేయించుకోవాలి. పాస్‌దారులకు ఇచ్చే సీట్లు కొన్నే. ముందు బండి ఆలస్యమై ఆ బండి తప్పిపోతే కొత్త రిజర్వేషన్ కోసం మళ్ళీ వెతుక్కోవాలి. ప్రాంతీయ బండ్లకు ఈ బెడద లేదు. ఒకటి పోతే తర్వాతిది ఎక్కడమే.

కుదిరే దారి ఇది. జర్మనీలోని ఆఖెన్‌లో మొదలుపెట్టి, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ మీదుగా బెల్జియంలోని లియేజ్‌కు ‘మూడు దేశాల రైలు’ (ఆర్‌ఇ 18) వెళ్తుంది. గంటన్నర దాటుతుంది. లియేజ్ నుంచి లక్సెంబర్గ్‌కు రెండున్నర గంటలు. అక్కణ్ణుంచి ఫ్రాన్స్‌లోని మెట్స్‌కు గంటలోపు, మెట్స్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు గంటన్నర, స్ట్రాస్‌బర్గ్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు గంటా ఇరవై నిమిషాలు. ఈ మూడూ టీఈఆర్ అనే ఫ్రెంచి ప్రాంతీయ బండ్లే. బాసెల్ నుంచి జ్యూరిచ్‌కు గంట. జ్యూరిచ్‌లో వియన్నా వైపు వెళ్ళే బండి ఎక్కితే లీష్టెన్‌స్టైన్ దాటి ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్ష్ చేరడానికి మరో గంటా నలభై నిమిషాలు. పట్టాల మీద సుమారు పదిన్నర గంటలు, బండ్లు మారడానికి ఇంకో రెండు మూడు గంటలు. వీటిలో దేనికీ రిజర్వేషన్ తప్పనిసరి కాదు. పాస్‌దారులు వాడే రైల్ ప్లానర్ యాప్‌లో రిజర్వేషన్ అక్కర్లేని బండ్లే చూపమని టిక్ పెట్టకపోతే లక్సెంబర్గ్, స్ట్రాస్‌బర్గ్ మధ్య అది టీజీవీనే ముందు పెట్టవచ్చు.

ఈ దారి మొత్తానికి కీలకం లియేజ్. లక్సెంబర్గ్ బండి రెండు గంటలకొకటే. అయిదు నిమిషాల తేడాతో తప్పిపోతే, గాజు పైకప్పు తప్ప గోడలు లేని ఆ అందమైన స్టేషన్‌లో చలిగాలికి రెండు గంటలు కూర్చోవాలి. ఆ రెండు గంటలూ సాయంత్రానికి జ్యూరిచ్‌లో లెక్క తేలుతాయి. ఎందుకంటే వియన్నా వైపు బండ్లు కూడా దాదాపు రెండు గంటలకొకటే. కాబట్టి ఆఖెన్‌లో లెక్కకు సరిపోయే బండి కాకుండా దానికంటే ముందుది ఎక్కాలి. నిద్ర పోతుంది, పోనివ్వండి.

ఆలస్యాలకు ఇక్కడ మనవాళ్ళు ఊహించని కారణం ఒకటుంది. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ దాకా ఒకటే కరెంటు, 25 కిలోవోల్టుల ఏసీ. అక్కడ జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో 15 కిలోవోల్టుల ఏసీ, నెదర్లాండ్స్‌లో 1.5, బెల్జియంలో ఎక్కువ భాగం 3 కిలోవోల్టుల డీసీ, లక్సెంబర్గ్‌లో 25 కిలోవోల్టుల ఏసీ. సరిహద్దు దాటే బండికి రెండు మూడు రకాల కరెంటు మీద నడిచే సరంజామా కావాలి. అలాంటివి కొన్నే ఉంటాయి. ఒకటి చెడిపోతే మామూలు బండిని దాని బదులు పంపలేరు, రద్దు చేస్తారు.

ఇక పాస్ సంగతి. ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళకు యూరెయిల్. అక్కడ నివాసముంటూ చదువుకునే, ఉద్యోగం చేసే మన పిల్లలకు ఇంటర్‌రెయిల్. జర్మనీలో ఉండేవాళ్ళకు ఇంటర్‌రెయిల్‌తో జర్మనీలో బయటికి వెళ్ళేందుకు ఒక రోజు, తిరిగొచ్చేందుకు ఒక రోజు మాత్రమే చెల్లుతుంది. అన్ని దేశాల పాస్‌లో ఒక్కరోజు రకం లేదు. ఒక నెలలో నాలుగు ప్రయాణ రోజులన్నదే అన్నిటికంటే చిన్నది. ఒక్క రోజు సరదాకే అయితే విడి టికెట్లతో పోల్చి చూసుకోవాలి. 2020 నుంచి లక్సెంబర్గ్ లోపల రెండో తరగతి ప్రయాణం ఎలాగూ ఉచితం. పాస్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాసే మన అలవాటు అక్కడ పనికిరాదు. ప్రతి బండినీ ఎక్కకముందే యాప్‌లో పాస్‌కు జతచేయాలి. టీసీ ఎదురుగా నిలబడ్డాక చేస్తానంటే జరిమానా పడవచ్చు.

ఎనిమిదీ ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాలే కనుక సింగిల్ ఎంట్రీ వీసా సరిపోతుంది. అయితే అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫొటో చాలదు. జర్మనీ 2024 సెప్టెంబరులో అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు మొదలుపెట్టింది. ఫెల్డ్‌కిర్ష్ నుంచి లిండౌ మీదుగా మళ్ళీ జర్మనీలోకి వెళ్ళేవాళ్ళు దానికీ సమయం ఉంచుకోవాలి.

బాసెల్‌లో ఫ్రెంచి బండ్లు స్టేషన్‌లో ఓ పక్కన విడి భాగంలో ఆగుతాయి. కస్టమ్స్ నడవా దాటి స్విస్ ప్లాట్‌ఫారాలకు నడవాలి. 20 నిమిషాలకు తక్కువ పెట్టుకోవద్దు. అక్కడే ఇంకో తంటా: స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేదు కనుక చాలా ‘యూరప్’ సిమ్‌లు అక్కడ పనిచేయవు, లేదా బిల్లు వాచిపోతుంది. టికెట్ ఫోన్‌లోనే ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. సిమ్ కొనేటప్పుడే దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ ఉందో లేదో చూసుకోవాలి.

వియన్నా వైపు బండిలో, స్విట్జర్లాండ్ సరిహద్దులోని బుక్స్ స్టేషన్ దగ్గర కునుకు తీయవద్దు. విశాఖపట్నంలో హౌరా బండ్లకు జరిగినట్టే, ఇక్కడ బండి వచ్చిన వైపుకే తిరిగి బయలుదేరుతుంది. అప్పుడే మెలకువ వచ్చినవాళ్ళు జ్యూరిచ్‌కే వెనక్కి పోతున్నామని కంగారుపడి దిగిపోయే ప్రమాదం ఉంది. ఆ పెద్ద బండి లీష్టెన్‌స్టైన్‌లో ఆగదు. ఆగకుండా పోతే ఆ దేశం లెక్కలోకి వస్తుందా అనేది వాళ్ళవాళ్ళ మనస్సాక్షికే వదిలేద్దాం. అక్కడ కాలు పెట్టాలనుకునేవాళ్ళు షాన్-వాదూజ్‌లో ఆగే చిన్న బండి పట్టుకోవాలి. అది పనిరోజుల్లోనే, అదీ ఏ కొద్ది వేళల్లోనో. లేదంటే బుక్స్ కంటే ముందు వచ్చే సర్గాన్స్‌లో దిగి బస్సు ఎక్కాలి.

విడి టికెట్లు కొన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. గమ్యానికి 60 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలైతే 50 శాతం తిరిగి ఇవ్వాలని ఐరోపా సమాఖ్య నిబంధన ఉంది. కానీ లెక్క టికెట్‌కు టికెట్‌గానే. మొదటి బండి 20 నిమిషాలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, మొదటి టికెట్ మీద ఆలస్యం 20 నిమిషాలే, అంటే పైసా రాదు. రెండో టికెట్ ఆ బండికే చెల్లేదైతే పోయినట్టే. వీలైనంత దూరానికి ఒకే టికెట్ తీసుకోవాలి.

ఈ విషయం మీద మళ్ళీ రాస్తే, వేగపు బండి ఫొటో బదులు లియేజ్ స్టేషన్‌లోని బండ్ల వేళల బోర్డు ఫొటో వేయవలసిందిగా కోరుతున్నాం.

– కొందరు రైలు ప్రయాణికులు, సికింద్రాబాద్